ఎప్పుడూ కట్టే ఉన్న గడియారం

రెండు వేల ఇరవై మూడు, శ్రావణ మాసం. గద్వాలలో కోటకు పోయే దారిలో, చెప్పుల దుకాణానికీ మిఠాయి కొట్టుకూ నడుమ ఆరడుగుల వెడల్పులో ఇరుక్కుని ఉండే గడియారాల కొట్టు మాది. మా నాన్న పెట్టింది. ఆయన పోయిన తర్వాత పద్నాలుగేళ్ళుగా నేను నడుపుతున్నాను. నేను బడికి పోలేదు. ఆరేళ్ళప్పుడు కాలు విరిగి మంచాన పడితే, కదలకుండా కూర్చోబెట్టడానికి నాన్న నా చేతిలో ఒక చెడిపోయిన అలారం గడియారమూ ఒక స్క్రూడ్రైవరూ పెట్టాడు. అంకెలు డయళ్ళ మీద నేర్చుకున్నాను. అక్షరాలేమో విడిభాగాలు పొట్లం కట్టి వచ్చే పాత పేపర్ల మీద. కాలు బాగయ్యాక కూడా ఆ బడి మానలేదు. ఇంతకంటే మంచి చదువు దేవుడు నాకు వెతికిపెట్టి ఉండేవాడు కాదని ఇవాళ్టికీ అనుకుంటాను.

ఈ రోజుల్లో గడియారం బాగుచేయించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారా అని చాలామంది అడుగుతారు. ఉన్నారు. గోడ గడియారాలు, సెల్లు వాచీలు, పెళ్ళిలో పెట్టిన వాచీలు వస్తూనే ఉంటాయి. అప్పుడప్పుడు, అదృష్టం బాగుంటే, పాత జపాన్ ఆటోమేటిక్ ఒకటి వస్తుంది. ఆ రోజు నాకు పండుగ.

ఆటోమేటిక్ అంటే దానికి సెల్లు ఉండదు. ఈ రకం వాటికి చేత్తో కీ ఇవ్వడానికి కూడా వీలుండదు. లోపల, వెనకవైపు, అర చందమామ ఆకారంలో బరువైన రేకు ఒకటి ఉంటుంది. దాన్ని రోటర్ అంటాం. మన చెయ్యి కదిలినప్పుడల్లా అది తన ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. అది ఎటు తిరిగినా సరే, రెండు కొక్కేలున్న చిన్న లివర్ ఒకటి స్ప్రింగును చుడుతూ పోతుంది. నిండా చుట్టుకుంటే రోజున్నర పైగా నడుస్తుంది. మనిషి మెసిలితే గడియారం నడుస్తుంది, మనిషి తీసి పక్కన పెడితే ఆగుతుంది. అంతే దాని రహస్యం.

ఆ బుధవారం సుజాత అలాంటి గడియారమే తెచ్చింది. నలభై ఏళ్ళ లోపుంటుంది ఆమెకు. వాళ్ళ నాన్న నాగప్ప చీరలు నేస్తాడు. కాటన్ బాడీ, పట్టు అంచు, జరీ కొంగు గద్వాల చీరలు. కొంగు ముడి విప్పి గడియారాన్ని నా బల్ల మీద పెట్టింది.

"అక్కా, గిది ఆగిపోయింది. మా నాయినది. నాయిన మస్తు పరేషాన్ అయితుండు."

"ఇంతకుముందు ఎప్పుడన్న ఆగిందా?"

"నేను పసిపిల్లగున్నప్పుడు ఒకసారి ఆగిందంట. మీ నాయిననే చేసిండంట. గప్పటి సంది ఎన్నడు ఆగలే. మొన్న నాయినకు కండ్ల ఆపరేషన్ అయింది. నలభై దినాలు మగ్గం ఎక్కొద్దన్నరు దవాఖానల. ఊకె పండుకోని గడియారం దిక్కే చూస్తుండు. ఇది గూడ ఆగేసరికి ఇగ చూడు, నా మీద కోపం, అమ్మ మీద కోపం."

ఆటోమేటిక్ వస్తే మొదట అడగాల్సిన మాట ఒకటుంది. అది అడిగాను.

"ఎప్పుడూ కట్టుకునే ఉంటడా?"

"ఇరవై నాల్గు గంటలు కట్టే ఉంటది అక్కా. ఇప్పేదే లేదు."

ఆ జవాబు విని తృప్తిపడ్డాను. అదే నేను చేసిన పొరపాటు. అది ఎలాంటి పొరపాటో తెలియడానికి పదకొండు రోజులు పట్టింది.

వెనక మూత విప్పి, ముందు దాని లోపలివైపు చూశాను. మా పనిలో ఒక అలవాటు ఉంది. గడియారం విప్పినవాళ్ళు మూత లోపలివైపు సూదిమొనతో తమ గుర్తూ, నెలా ఏడాదీ గీస్తారు. తర్వాత విప్పేవాడికి అది ఉత్తరం లాంటిది. నాన్న గుర్తు చిన్న దీపం ప్రమిద. అక్కడ ఉంది! సన్నగా, వంకర లేకుండా, వత్తి కూడా గీశాడు. సుజాత పుట్టిన ఏడాది కొన్న గడియారమట, దీపం పక్కన ఉన్నది ఆ మరుసటి ఏడాది. ఇంకెవరి గుర్తూ లేదు. అంటే నాన్న మూసిన తర్వాత మళ్ళీ తెరిచిన మొదటి చెయ్యి నాది. కళ్ళకు అద్దుకుని పని మొదలుపెట్టాను.

భాగాలన్నీ విప్పి కడిగాను. ఎండిపోయిన నూనె తీసి కొత్త నూనె చుక్కలు వేశాను. రోటర్ బేరింగ్ కాస్త వదులుగా తోచింది, వయసు కదా అనుకున్నాను. ఆటోమేటిక్ బాగుచేశాక రెండు రోజులు నా చేతికి పెట్టుకుని చూడటం నా పద్ధతి. చక్కగా నడిచింది. శనివారం సుజాతకు ఇచ్చేశాను.

మంగళవారం మళ్ళీ వచ్చింది.

"ఇంటికి పోంగనే కట్టినం అక్కా. సోమారం పొద్దుగాల చూస్తే ఆగి ఉన్నది." కాసేపు నసిగి, "నాయిన ఒక మాటన్నడు, బాధపడకు. వాళ్ళ నాయినకొచ్చిన పని ఆమెకు రాలే అన్నడు" అంది.

బాధపడలేదని చెప్తే అబద్ధం. కానీ ఆ సమయంలో కొట్లో ఇంకో మనిషి ఉన్నాడు, ఆయన నాకు బాధపడే వ్యవధి ఇవ్వలేదు.

ఖాజా భాయ్‌ది కొత్తకోట. హైవే మీద లారీలకు వైరింగు పని చేస్తాడు. చేతులకెప్పుడూ గ్రీజే, కానీ ఆయనకు పాత జపాన్ ఆటోమేటిక్‌ల పిచ్చి. డెబ్బై దాకా పోగుచేశాడు. లారీ టూల్ బాక్సులో స్పాంజి పరిచి వాటిని వరసగా పడుకోబెడతాడు. మంగళవారం ఆయనకు సెలవు, బస్సెక్కి నా దగ్గరికి వచ్చి గడియారాల ముచ్చట్లు చెప్తాడు. సుజాత చేతిలోది చూడగానే చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"చెల్లె, జర ఇటియ్యి. అరె, జర ఇటియ్యమ్మా!"

చేతులు తుడుచుకుని, నా భూతద్దం కంటికి బిగించుకున్నాడు.

"అక్కా, ఈ అంచులు చూడు. బ్లేడు లెక్క ఉన్నయి. ఫ్యాక్టరీల గీకిన గీతలు అట్లనే ఉన్నయి. ఎవ్వడు పాలిష్ పట్టలే. డయల్ ఒరిజినల్. అద్దం ఒరిజినల్, ఒక్క గీత లేదు. వారం పేర్లు అరబ్బీల, ఇంగ్లీషుల. గల్ఫ్ మాల్ ఇది. అల్లా కసం, పదేండ్ల సంది దేవులాడుతున్న ఇసొంటి దాని కోసం!"

"మా చిన్నాయిన మస్కట్ల తాపీపని చేసెటోడు. ఆయన తెచ్చిండు" అంది సుజాత.

ఖాజా భాయ్ సంతోషం చూసి నా బాధ సగం పోయింది. ఇద్దరం చిన్నపిల్లల్లా ఆ గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాం. సేకరించేవాళ్ళు గడియారాన్ని చూసే తీరు వేరు. మేం ఏం చెడింది అని చూస్తాం, వాళ్ళు ఏం చెడలేదు అని చూస్తారు. వాళ్ళ పక్కన కూర్చుంటే మన కళ్ళు కూడా మారతాయి.

తర్వాత నేను వెనక మూత విప్పాను. ఖాజా భాయ్ రోటర్‌ను వేలితో మెల్లగా కదిపాడు. అది ఒకవైపు జారి గరగరమంది. ఆయన ముఖం మారిపోయింది.

"అక్కా, ఇదేంది? బాడీ షోరూంలకెల్లి ఇప్పుడే వచ్చినట్టున్నది. ఇంజన్ జూస్తే పది లక్షల కిలోమీటర్లు తిరిగింది. రెండు ఒక్క బండివి కావు."

"ఏమోనన్నా, ఇది ఎప్పుడూ కట్టే ఉంటది" అంది సుజాత.

"ఎప్పుడు కట్టుకున్న వాచి పైన గిట్ల ఉంటదా చెల్లె? చెమట, గోడ, తలుపు, ఎన్ని తాకుతయి! పైనేమో ఎవ్వడు ముట్టనట్టున్నది, లోపలేమో అరిగిపోయింది. కిచిడీ ఇది."

పాత జపాన్ గడియారాలకు మార్కెట్లో పట్టిన జబ్బు ఇది. నాలుగు గడియారాల ముక్కలు ఒకదాంట్లో కూర్చి, రంగేసి, అసలుదని అమ్ముతారు. మేం దాన్నే కిచిడీ అంటాం.

"కిచిడీ అంటే ఏందన్నా?"

"మంచి మిషన్ ఎవడో గుంజుకొని, పాతది లోపల ఏసిండు."

సుజాత అమాయకంగానే అంది, నన్ను పొడవాలని కాదు. "ఎవరేస్తరు? దీన్ని ఇప్పిందే ఒక్కసారి. పద్మక్క వాళ్ళ నాయిననే కదా."

ఖాజా భాయ్ అప్పుడు చూశాడు, మూత లోపలి దీపం గుర్తు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. చల్లారిన చాయ్ గ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్ళీ పెట్టాడు. సుజాత ఒకసారి గడియారం వైపు, ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది.

"నాలుగు రోజులు నా దగ్గర ఉంచు సుజాతా. ఐతారం నేనే ఇంటికొచ్చి చెప్త" అన్నాను.

నాన్న దొంగతనం చేశాడా? మాటగా రాయడానికే చెయ్యి రావడం లేదు. ఆయన గుర్తు తప్ప ఇంకో గుర్తు లేదు. పైన కొత్తది, లోపల పాతది. ఖాజా భాయ్ డెబ్బై గడియారాల అనుభవంతో చెప్పిన మాట. నా దగ్గర ఉన్నదల్లా నాన్న అలాంటివాడు కాదన్న నమ్మకం. ఏ దొంగ కూతురికైనా ఆ నమ్మకం ఉంటుంది కదా.

తెల్లారి కొట్టు తెరిచి, జమ్ములమ్మ పటం ముందు దీపం పెట్టాను. నాన్న మంచివాడని తేల్చు తల్లీ అని అడగబోయి ఆగాను. అలా అడగడం సరి కాదనిపించింది. ఉన్నది ఉన్నట్టు కనిపించేలా చెయ్యి, అది ఏదైనా చూసే ధైర్యం ఇవ్వు అని మాత్రం మొక్కుకున్నాను. బల్ల శుభ్రంగా తుడిచి, తెల్ల కాగితం పరిచి, కూర్చున్నాను.

మొదట స్క్రూలు చూశాను. ఎక్కువసార్లు విప్పిన స్క్రూల తల మీది గాడి అంచులు చెదిరి ఉంటాయి. ఇవి శుభ్రంగా ఉన్నాయి. కానీ ఒక్కసారి విప్పినా మిషన్ మార్చవచ్చు, అది రుజువు కాదు. తర్వాత వెనక మూతను వెలుతురుకు పట్టి మెల్లగా తిప్పాను. బేరింగ్ అరిగితే రోటర్ ఒరిగి మూత లోపలివైపు రాసుకుంటుంది, అక్కడ గీత పడుతుంది. అది మామూలే. మంగళవారం ఆ గీత చూశాను కూడా. అరుగుదల అనుకుని వదిలేశాను.

ఇప్పుడు చూస్తే గీత సగమే ఉంది!

కింది సగంలో, ఆరు అంకె ఉండే వైపు, నెలవంకలా మెరుస్తోంది. పై సగంలో ఏమీ లేదు, అద్దంలా ఉంది. బల్ల కింద పాత బిస్కెట్ డబ్బాలో పనికిరాని ఆటోమేటిక్‌ల మూతలు ఇరవై దాకా ఉంటాయి. అన్నీ కాగితం మీద గుమ్మరించాను. అరిగిన ప్రతి మూత మీదా గీత గుండ్రంగా, చుట్టూ ఉంది. ఉండాలి కూడా. చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, రోటర్ కూడా అన్ని వైపులా తిరుగుతుంది. సగం గీత దీనికొక్కదానికే ఉంది, అంటే ఇది చేతి మీద నడిచిన గడియారం కాదు.

ఇంకో విషయం అంతకంటే ముఖ్యం. గీత ఈ మూత మీదే ఉంది, నాన్న గుర్తున్న ఈ మూత మీద. ఆ గీతలో ఒక కొస నాన్న గీసిన దీపం వత్తి మీదుగా పోయింది. గుర్తు ముందు, గీత తర్వాత! రోటర్ అంచు పెట్టి చూస్తే గీతలో సరిగ్గా కూర్చుంది. అంటే ఈ రోటర్ అరిగిపోయింది ఈ గడియారంలోనే, నాన్న మూసిన తర్వాత. ఆయన ముసలి మిషన్ వేయలేదు. ఆయన మూసినప్పుడు ఇది కొత్తదే!

కొట్లో ఎవరూ లేరు. ఉంటే నన్ను చూసి ఏమనుకునేవారో. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాను.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. చేతి మీద లేని గడియారం అంతగా ఎలా అరిగింది? పట్టీ బిగించే చోట ఉన్న చిన్న రంధ్రాలను సూదితో గెలికాను. ఎర్ర పోగు ముక్క ఒకటి, దానితోపాటు బంగారు రంగు నలక ఒకటి వచ్చాయి. ఇత్తడి పొడి కాదు. గద్వాలలో పుట్టినదాన్ని, జరీని గుర్తుపట్టడానికి నాకు భూతద్దం అక్కర్లేదు.

ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాను. వెనక లారీ హారన్లు మోగుతున్నాయి.

"గీత సగమే ఉంది భాయ్. కింద సగం."

"సగమా? చేతి మీద ఉంటే సగమెట్ల పడ్తది?"

"చేతి మీద లేదు. నిలబడి వేలాడుతూ, అటూ ఇటూ ఊగిందనుకో. రోటర్ కిందనే ఉంటది కదా?"

"నలభై ఏండ్లు ఊగుడేంది అక్కా, అది వాచియా, ఉయ్యాలనా?" అన్నాడు. ఆ మాట అన్నాక తనే గట్టిగా నవ్వాడు. "ఐతారం నేను గూడ వస్త. నన్ను ఇడిసిపెట్టి పోకు!"

ఆదివారం ఇద్దరం నాగప్ప ఇంటికి వెళ్ళాం. చిన్న ఇల్లు, ముందు గదంతా గుంట మగ్గమే. మంచం మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నాగప్ప పడుకుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి, గొంతు మాత్రం ఖంగుమంటోంది.

"పెదనాయినా, నేను పద్మను. గడియారం గురించి ఒక్క మాట అడుగుదామని వచ్చిన. దీన్ని నువ్వు చేతికి పెట్టుకోవా?"

"చేతికా?" నాగప్ప లేచి కూర్చున్నాడు. "పట్టు మీద చెయ్యేసెటోడు చేతికి ఇనుము పెడ్తడా బిడ్డా? పోగు తట్టుకుంటే ఆరు దినాల పని గోయిందా! మా ఇంట్ల ఉంగరం గూడ పెట్టం."

"మరి ఇరవై నాల్గు గంటలు కట్టే ఉంటది అన్నవు?" అని సుజాత వైపు తిరిగాను.

"కట్టే ఉంటది కదక్కా." సుజాత మగ్గం వైపు చెయ్యి చూపించింది. "అగో, ఆడ."

అడ్డపోగుతో నాడె అటూ ఇటూ పోయినప్పుడల్లా ఆ పోగును దగ్గరికి కొట్టడానికి మగ్గం మీద ముందుకూ వెనక్కూ ఊగే చెక్క చట్రం ఉంటుంది. దాని కుడివైపు నిలువు కర్రకు, చీర అంచు గుడ్డతో కుట్టిన చిన్న సంచి వేలాడుతోంది. ఎర్ర పట్టు పోగులతో గట్టిగా కట్టి ఉంది. డయల్ కనపడేంత మేర గుడ్డను గుండ్రంగా కత్తిరించి అంచు కుట్టారు. ఖాళీగా ఉంది.

ఖాజా భాయ్ వెళ్ళి ఆ సంచిలో వేలు పెట్టి చూశాడు. నేను 'కట్టుకుంటాడా' అన్నాను, ఆమె 'కట్టే ఉంటది' అంది. ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు. నాకు చెయ్యి తప్ప ఇంకేదీ తట్టలేదు.

"గిన్ని దినాలైంది, నన్ను ఒక్కరన్న అడిగిన్రా?" నాగప్ప అందుకున్నాడు. "మా తమ్ముడు తెచ్చినప్పుడు పెట్టెల పెట్టిన. ఆగింది. సరే అని మగ్గానికి కట్టిన, నా మొఖం దిక్కు తిప్పి, గోడ గడియారం లెక్క. అయినా ఆగింది. మీ నాయిన దగ్గరికి తీస్కపోతే ఇప్పి చూసిండు. 'దీనికి రోగం లేదు, నీ ఇల్లు చూపెట్టు' అన్నడు. నా ఎంబడే ఇంటికొచ్చిండు. గీ మంచం మీదనే కూసోని నేను నేస్తుంటె గంట సేపు చూసిండు. లేశి, పోగులిప్పి, గడియారాన్ని పక్కకు తిప్పి కట్టిండు. 'మొఖం నీ దిక్కు ఉంటె లోపలి రేకు ఊగదు. పక్కకుంటె నువ్వు కొట్టిన ప్రతి దెబ్బకు ఊగుతది' అన్నడు. టైం చూడాల్నంటే మెడ వంచాలె. గంతే. గప్పటి సంది ఆగలే."

ఎంత సులువు! చట్రం నేసేవాడి వైపు ఊగుతుంది. డయల్ అతని వైపే ఉంటే ఆ ఊపు రోటర్‌ను తిప్పదు. తొంభై డిగ్రీలు పక్కకు తిప్పితే గడియారంలోని రోటర్ లోలకమైపోతుంది. నాన్న ఒక్క భాగం మార్చలేదు, కొత్తగా ఒక్క ముక్క వేయలేదు. వచ్చి చూశాడు. అంతే.

"సుజాతా, ఒక్కసారి మగ్గం ఎక్కవా" అన్నాను. ఆగిపోయిన గడియారాన్ని సంచిలో పెట్టి, డయల్ పక్కకు ఉండేలా కర్రకు కట్టాను. సుజాత గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేయడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ, రెండు, ఐదు. ఖాజా భాయ్ మోకాళ్ళ మీద వంగి సంచికి చెవి ఆనించాడు.

"నడిచింది! అక్కా, నడుస్తుంది!"

నాగప్ప మంచం మీంచి అరిచాడు. "నడవక ఏం చేస్తది? నేను మగ్గం దిగిన, అది ఆగింది. గిది నాకే తట్టలే సూడు. చెడిపోయిందని ఆ పిల్లను పదిసార్లు తిప్పిన."

సుజాత పని ఆపి నా వైపు తిరిగింది. "అక్కా, ఆ దినం నీ ముందల నోరు జారిన. మనసుల పెట్టుకోకు" అంది. ఖాజా భాయ్ చెవులు పట్టుకున్నాడు. "నాది పెద్ద తప్పు చెల్లె. కిచిడీ అన్న నోరు నాది. పెద్దాయన ఆత్మ నన్ను మాఫ్ చెయ్యాలె."

నిజం మొత్తం చెప్పడం నా పని. అందుకే ఇది కూడా చెప్పాను. బేరింగ్ అరిగింది నాన్న చెప్పిన ఆ పద్ధతి వల్లే. రోజూ వేల దెబ్బలు, అదీ ఒకే వైపు. చేతి మీద ఉండి ఉంటే అంత అరిగేది కాదు. నాగప్ప చెయ్యి ఊపాడు. "నా మోకాళ్ళు అరగలేదా బిడ్డా? పనిలేక ఊకె కూసున్నోనికి అరుగుడు ఉంటదా?"

ఖాజా భాయ్‌కి ఆ గడియారం మీద ఆశ ఇంకా పోలేదు. ఇప్పుడు రెట్టింపయింది. "చాచా, నాకియ్యరాదు. మంచిగ చూసుకుంట" అన్నాడు.

"ఏడ పెడ్తవు?"

"డబ్బాల. స్పాంజి మీద. డెబ్బై వాచిలున్నయి నా దగ్గర."

"నడుస్తయా?"

ఖాజా భాయ్ నాలిక కరుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. మంగళవారం నా కొట్టుకు వచ్చి, తన డబ్బాలోని అదే రకం గడియారం ఒకటి తీసి, మంచి రోటర్ బేరింగుతో సహా విప్పి నా చేతిలో పెట్టాడు. ఒరిజినల్, ఒరిజినల్ అని జపం చేసే మనిషి.

"ఏసెయ్యి అక్కా. ఇప్పుడు నిజంగనే కిచిడీ అయితది" అన్నాడు. నవ్వాడు కానీ కళ్ళు గడియారం మీంచి తీయలేదు.

ఆ బేరింగ్ వేశాక, నలభై రోజుల్లో మిగిలిన రోజులు ఆ గడియారాన్ని నడిపే బాధ్యత నాగప్ప నాకే ఇచ్చాడు. "ఆపకు బిడ్డా" అన్నాడు. గుడ్డ సంచితో సహా కుడిచేతికి కట్టుకుని తిరిగాను. కొట్టుకొచ్చిన వాళ్ళు చేతికి దెబ్బ తగిలిందా అని అడిగేవాళ్ళు. నలభై రోజులు నిండాక తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ రోజు కూడా ఆదివారమే. నాగప్ప కొత్త చూపుతో డయల్ వైపు చూసి ముఖం చిట్లించాడు. నేను సరిచేసి పెట్టిన వారాన్ని తిప్పి తిప్పి, ఎర్రక్షరాలు వచ్చేదాకా తిప్పాడు.

పక్కనున్న ఖాజా భాయ్ చదివాడు. "చాచా, అది జుమ్మా. శుక్రారం!"

"ఎర్రగున్నది ఐతారం కాదా? క్యాలెండర్ల ఎర్రగుంటది కదా?"

"వాళ్ళ సెలవు శుక్రారం. అందుకని ఎర్ర."

"వాళ్ళకు శుక్రారమైతే అయింది. మాకు నలభై ఏండ్ల సంది గిదే ఐతారం" అని, గడియారాన్ని కర్రకు తనే కట్టుకుని, మగ్గం గుంటలోకి దిగాడు. నవ్వాపుకోలేక నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఈ కేసు నాకు రెండు మాటలు నేర్పింది. మొదటిది పనికి సంబంధించింది. అంతకుముందు ఎవరు వచ్చినా 'ఏమైంది' అని అడిగేదాన్ని. ఇప్పుడు 'ఇది రోజంతా ఎక్కడుంటది' అని అడుగుతున్నాను. మొన్న తెలకపల్లి నుంచి వచ్చిన ఒకామె తన వాచీ బియ్యం డబ్బాలో ఉంటుందని చెప్పింది. దొంగలు బియ్యం జోలికి పోరట. లోపలంతా తవుడు. ఆ జవాబుతోనే సగం రిపేరు అయిపోయింది.

రెండోది దేవుడి ముందు కూర్చునే నాలాంటి వాళ్ళది. జమ్ములమ్మకు దీపం పెట్టిన ఆ పొద్దున నేను నాన్న మీద నమ్మకంతో ఊరుకోగలిగేదాన్నే. అది పాపమేమీ కాదు. కానీ అప్పుడు ఆయన దొంగ కాడన్న సంగతి నా ఒక్కదాని గుండెలో మిగిలిపోయేది. సుజాత నన్ను చూసిన ప్రతిసారీ ఆ చూపే చూసేది. మూతను వెలుతురుకు పట్టి తిప్పాను కాబట్టి ఆ సంగతి సుజాతకూ తెలిసింది, ఖాజా భాయ్‌కీ తెలిసింది. నమ్మకం నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చూడటం మాత్రం నేనే చూడాల్సి వచ్చింది. ఆ రెండూ నాకు ఇచ్చినందుకు ఆ తల్లికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.